మిరుగు నాటి గిన్నె

ఎండాకాలం చివర మృగశిర కార్తె రాగానే ఎదురు పోర్షన్‌లో ఉండే అండాలు చేపల పులుసు వండేది. మొదటి గిన్నె సువార్తమ్మకే. "మిరుగు నాడు చేపలు తినకుంటె ఎట్లక్కా?" అనేది. గుంటూరు నుంచి తార్నాకకు వచ్చిన సువార్తమ్మ టీచరు ఆ రోజు కూర వండటమే మానేసింది.

తెలంగాణ ఉద్యమం ముదిరిన ఏడాది, సరిగ్గా మిరుగు నాడే పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్ గేటు దగ్గర టియర్ గ్యాస్ పేలింది. వీధిలో నినాదాలు వినబడ్డాయి. ఆంధ్రావాళ్ల ఇళ్ల మీదికి వస్తారేమోనని సువార్తమ్మ గడియ పెట్టుకుని, మండే కళ్లకు తడిగుడ్డ అద్దుకుంటూ కూర్చుంది. ఇంతలో ఎవరో తలుపు తట్టారు.

"నేనే అక్కా, అండాలును. జర తలుపు తియ్యి."

ఎన్నో ఏళ్లుగా ఎరిగిన గొంతు. అయినా వెంట ఇంకెవరున్నారోనన్న పాడు అనుమానం ఆమెను లేవనివ్వలేదు.

సాయంత్రం తలుపు తీస్తే, గడప బయట తన చెప్పుల పక్కనే మూతపెట్టిన గిన్నె ఉంది. పులుసు నిండా చీమలు.

మర్నాడు గిన్నె కడిగి తీసుకెళ్తే అండాలు ఎప్పటిలాగే నవ్వుతూ అందుకుంది.

"నిన్న ఇంట్ల లేవు గదక్కా. గడప కాడనే పెట్టొచ్చిన."

సువార్తమ్మ అవునన్నట్టు తలూపింది. తనకున్నది ఆ ఒక్క జత చెప్పులేనని అండాలుకు తెలియదా!