తల్లిగారింటి రోగం

మా మేనత్త ఐలవ్వకు నోరెక్కువ అని రెండు ఊళ్ళ వాళ్ళూ అనేవారు. రెండు ఊళ్ళంటే ఆమె పుట్టిన ఎర్రగుంట, మెట్టిన నల్లవాయి. మధ్యలో గోదావరి. మేం దాన్ని గంగ అంటాం. ఎర్రగుంట కరీంనగర్ జిల్లా ఒడ్డున, నల్లవాయి ఆదిలాబాద్ జిల్లా ఒడ్డున. పడవెక్కితే ఒక చుట్ట కాల్చి పారేసేలోపు అవతలికి చేరొచ్చు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ సామెత చెప్పినవాడు నల్లవాయి చూసి ఉండడు. ఆ ఊరికి నోరు మహా మంచిది.

పోలీస్ యాక్షన్ అయిన ఏడు ఐలవ్వ పెళ్ళయింది. రజాకార్ల భయం పోయింది, ఇక పిల్లను గంగ దాటించొచ్చని మా తాత ముహూర్తం పెట్టించాడు. పెళ్ళికొడుకు పేరు ముత్యం. ఎడ్లను కూడా గట్టిగా అదిలించని మనిషి. అంత మెత్తటివాడు దొరికాడని అందరూ సంబరపడ్డారు. మెత్తటి మనిషి ఎవరు నొక్కితే అటే ఒంగుతాడని అప్పుడెవరికి తోచింది? అత్త మాత్రం నవ్వుతూనే అనేది, "మా ఇంటాయనకు కోపమొస్తె పొయ్యికాడి పిల్లి గూడ లేవది" అని. ఆమె కోపానికి మాత్రం వాకిట్లో ఎడ్లు కూడా చెవులు నిక్కించేవి. పొద్దున లేచి పేడకళ్ళెత్తడం మొదలు పెసరచేను కాపలా దాకా అంతా ఆమే చేసేది, చేస్తూ అందరినీ తిట్టేది.

ఇప్పుడు అసలు సంగతి. రొమ్ములో గడ్డ వస్తే మా దిక్కు పాలగడ్డ అనేవాళ్ళు. ఎప్పుడో పోయిన బిడ్డకు తాగించని పాలు లోపలే ఉండిపోయి గడ్డకట్టాయని దాని అర్థం. బిడ్డ పోని తల్లి ఆ రోజుల్లో ఏ ఇంట్లో ఉంది? అందుకని ఆ మాట ప్రతి ఆడదానికీ అతికేది. దానికి తోడు నల్లవాయి వాళ్ళ దగ్గర ఇంకో మాట ఉండేది. "పాలు తాగిన కాడ్నే పాలగడ్డ కరుగుతది." అంటే, తల్లి దగ్గర పాలు తాగిన ఇంట్లోనే ఆ రోగం మానుతుందట. అందుకని గడ్డ పగిలి వాసన మొదలవగానే కోడలికి కొత్త చీర కట్టించి, బండి కట్టి, పడవెక్కించి తల్లిగారింటికి తోలేవాళ్ళు. ఎంత ప్రేమ! కరిగి తిరిగి వచ్చిన మనిషిని నేను చూడలేదు. చూశామన్న వాళ్ళనూ చూడలేదు.

ఈ ఆచారం గంగ అవతలిదే. మా ఎర్రగుంటలో కోడలైనా కూతురైనా పడ్డ మంచంలోనే పోయేది. కాబట్టి మా ఊరికి ఉన్నవాళ్ళ చావులూ, వచ్చినవాళ్ళ చావులూ రెండూ దక్కేవి.

అలా వచ్చినవాళ్ళలో శంకరవ్వ ఒకతె. ముత్యం వాళ్ళ అన్న భార్య, అంటే మా అత్తకు ఏరాలు. ఆమె కూడా మా వాడకట్టు పిల్లే. ఆమెను తోలినప్పుడు మా అత్తే పడవలో పక్కన కూర్చుని వచ్చింది. "నన్ను మల్ల తోల్కపోను ఎవలన్న వస్తరా ఐలవ్వా?" అని శంకరవ్వ అడిగిందట. "నేనొస్త అక్కా" అందట అత్త. వరికోతలకు ముందే శంకరవ్వ పోయింది. నేను చిన్నపిల్లను, ఆ ఇంటి ముందు నుంచి ముక్కు మూసుకుని పరుగెత్తేదాన్ని. ఆమె మగడు దినాలకు వచ్చాడు, తిన్నాడు, పడవ తప్పిపోతుందని తొందరగా లేచాడు.

నేను ఎదిగే నాటికి, అరవై ఎనిమిదో అరవై తొమ్మిదో, పట్నం నుంచి ఒక డాక్టరు జీపులో వచ్చాడు. ఆడవాళ్ళకు రొమ్ములో వచ్చే పుండు ఏ ఊళ్ళో ఎందరిని చంపుతోంది, పెరుగుతోందా తగ్గుతోందా, అని అడుగుతూ తిరుగుతున్నాడు. ముందు నల్లవాయి చావడిలో కూర్చున్నాడు. ఊరి దొర కిషన్‌రావు కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించి చెప్పాడు.

"మా ఊళ్ళె గసొంటి రోగం లేదు డాక్టర్ సాబ్. మా నీళ్ళు గంత మంచియి."

గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని అటుగా పోతున్న మా అత్త చెవిన ఆ మాట పడింది. మోపు కింద పడేసి నిలబడింది.

"మరి మా శంకరక్క దేనితోని సచ్చింది దొరా?"

"అది సచ్చింది ఎర్రగుంటల" అన్నాడు దొర. "మన ఊళ్ళె కాదు గద."

డాక్టరు తలెత్తి చూశాడట. ఈలోగా ముత్యం మామ వచ్చి "ఇంటికి నడువ్, గింతమంది మగోళ్ళ నడుమ ఏం మాటలవి" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. డాక్టరు మజ్జిగ తాగాడు. దొరసాని జానకీబాయి కూడా అలాగే తల్లిగారింటికి పోయి అక్కడే కన్నుమూసిందన్న సంగతి ఆ చావడిలో ఎవరూ ఎత్తలేదు. ఆమెది గుండెజబ్బట. ఉన్నవాళ్ళకు గుండె ఉంటుంది.

తర్వాత ఆయన మా ఎర్రగుంటకు వచ్చాడు. మా ఊరి ఆడవాళ్ళు దాచలేదు. మా అక్క, మా చిన్నమ్మ, మా పక్కింటామె అని వేళ్ళు మడిచి చెప్పారు. ఆయన గుడ్లప్పగించి విన్నాడు. గంగకు ఇటు ఇన్ని చావులు, అటు ఒక్కటీ లేదు, నీళ్ళలోనే ఏదో తేడా ఉండాలని మా బావి నీళ్ళు సీసాలో పట్టుకుపోయాడు. వెళ్ళబోతూ ఒక మంచిమాట చెప్పాడు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే పట్నం తీసుకొస్తే కోసి తీసేస్తారు, బతుకుతారు అని. నల్లవాయిలోనూ చెప్పాడట. కానీ అక్కడ విన్నది మగవాళ్ళు. రొమ్ము అన్న మాట ఇంట్లో ఎలా ఎత్తడమని చావడిలోనే వదిలేసి వచ్చారు.

సీసా నీళ్ళలో ఏం తేలిందో మాకెవరూ చెప్పలేదు. తేలకముందే మా ఊరికి పేరొచ్చింది. పాలగడ్డల ఊరు. చుట్టాలు వస్తే మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టేవారు కాదు. నన్ను చూసుకుని ఖాయం చేసుకున్న సంబంధం వాళ్ళు "గా ఊరి పిల్లనా" అని వెనక్కి పోయారు. మా అవ్వ, కన్నతల్లి గదా, ఏడుస్తూ కూర్చుంది. విషయం తెలిసి అత్త మర్నాటి పడవకే దిగింది. గుమ్మంలోకి వస్తూనే చెంబెడు నీళ్ళు అడిగి గటగటా తాగింది.

"గీ నీళ్ళు తాగే నేను పెరిగిన. నా కొడుకు రాజానికి గీ పిల్లనే చేసుకుంట. ఎవడు అడ్డమొస్తడో రానియ్" అంది.

అలా నేను ఆమె కోడలినయ్యాను. ఆమె నన్నేం ముద్దుచేయలేదు. పప్పులో ఉప్పెక్కువైతే "మీ అవ్వ నేర్పిందేనా గిది" అనేది, ఆ అవ్వ తనకు వదినేనని మరిచిపోయి. కానీ నన్ను ఇంకెవరన్నా ఒక మాటంటే మాత్రం వాళ్ళ ఏడుతరాలూ దులిపేది.

నాలుగైదేళ్ళకు ఒకనాడు వీపు రుద్దమని పిలిచి, నా చెయ్యి పట్టుకుని ఎడమ రొమ్ము కింద పెట్టింది. చింతగింజంత గట్టిది తగిలింది. డాక్టరు మా ఊళ్ళో చెప్పిన మాట చెప్పాను. ఆమె వెంటనే చీర సర్దుకుని మామ దగ్గరికి పోయి నిలబడింది.

"నన్ను పట్నం తోల్కపో. కోపిచ్చుకుంట."

మామ బిత్తరపోయాడు. దొరనడిగి వస్తానన్నాడు. పెళ్ళాం రొమ్ములో గడ్డకు దొరను అడగడమేమిటి అనకండి. ఆయన విత్తనం వేయడానికి కూడా దొరనే అడిగేవాడు. తిరిగొచ్చి నేల చూస్తూ చెప్పాడు.

"పట్నంల ఏ ఊరని అడుగుతరట. నల్లవాయి అని రాసుకుంటరట. ఊరి పేరు ఖరాబైతది అంటుండు. పరాయి మగోడు కొయ్యాల్నా అంటుండు. తల్లిగారింటికి పోరాదు ఐలవ్వా, ఆడ కరుగుతది."

"శంకరక్కకు కరిగిందా?" అంది అత్త. ఆయన తలగుడ్డ దులుపుకుని ఎడ్ల దగ్గరికి పోయాడు. రాజం కూడా ఆయన వెనకే పోయాడు. నా మగడు తండ్రికి తగిన కొడుకే.

అత్తకు అన్న అయిన మా బాపు రామచంద్రం గంగ అవతల ఉన్నాడు, ఆయనకు కబురు పోనీయలేదు. తెలిసి వచ్చేసరికి గడ్డ పగిలింది. ఎవరి మాటా వినకుండా చెల్లెల్ని కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయాడు. ఆలస్యమైంది, ఇక చేసేదేం లేదన్నారు. అక్కడి నుంచి ఎర్రగుంటకు రమ్మని మా బాపు బతిమాలాడు. ఆమె ఒప్పుకోలేదు. నల్లవాయికే దించమంది.

దించిన మర్నాడే మామ బండి కట్టాడు. కొత్త చీర మంచం మీద పెట్టాడు. అత్త ఆ చీర తీసి వాకిట్లోకి విసిరి, గడపకు అడ్డంగా కూర్చుంది.

"గీ ఇంట్ల పిల్లల కన్న. గీ ఇంట్ల గొడ్డుచాకిరి చేసిన. సచ్చేటప్పుడు నా ఇల్లు ఎర్రగుంటనా? నేను పోను. ఈడ్నే సస్త. నల్లవాయిల ఒక ఆడిది గీ రోగంతోని సచ్చిందని లెక్కల పడాలె."

ఆ తర్వాత ఆమె కోరింది అదొక్కటే. నాకు చేతనైనంత వరకు వేపాకు నీళ్ళతో కడిగేదాన్ని, పాతగుడ్డలు ఉడకబెట్టి కట్టేదాన్ని. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టు ఊరి ఆడవాళ్ళు కొందరు చూసి పోవడానికి వచ్చేవారు, ముక్కుకు కొంగు పెట్టుకుని "తల్లిగారింటికి పోతె మానేది" అనేవారు. వాళ్ళలో ఒకామె మాత్రం నన్ను పక్కకు పిలిచి, చిన్న గడ్డయితే ఎట్లుంటది బిడ్డా అని గొంతు తగ్గించి అడిగింది. చెప్పాను. ఆమె మళ్ళీ రాలేదు.

ఒకనాడు పొద్దున పాలు పితికే వేళకు అత్త పోయింది. నా ఒళ్ళోనే పోయింది. నేనింకా ఆమె కళ్ళు మూయలేదు, కిషన్‌రావు దొర వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్రా ముత్యం, గిప్పుడే గద పోయింది. ఎవలకు ఎర్క? మంచం మీదనే గంగ దాటియ్యిన్రి. పానం మీదికొస్తె తల్లిగారింటికి తోలినమని చెప్పు."

మామ ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే మంచానికి అటు చెయ్యి వేశాడు, రాజం ఇటు వేశాడు. అప్పుడు ఆమె వాకిట్లోకి విసిరిన ఆ కొత్త చీరే కట్టించారు. గొంగడి మెడ దాకా కప్పారు. బతికుండగా గడప దాటించలేని మనిషిని పీనుగయ్యాక దాటించారు. నేను వెంట నడిచాను. మంచం పడవలో పెట్టారు. తల జారిపోకుండా నేను పట్టుకున్నాను. పడవవాడు హనుమండ్లు గెడవేసి నాలుగు బారలు తోశాక అత్త ముఖంలోకి చూశాడు.

"వదినెకు ఎట్లున్నదే ముత్యమన్నా?"

"పండుకున్నది" అన్నాడు మామ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పండుకోలే" అన్నాను. "సచ్చిపోయింది. పాలగడ్డతోని సచ్చిపోయింది. నల్లవాయిల, మా ఇంట్ల, నా ఒళ్ళె సచ్చిపోయింది."

హనుమండ్లు గెడ ఆపేశాడు. పీనుగను పడవ మీద గంగ దాటిస్తే గంగమ్మ ఊరుకోదని వాళ్ళ నమ్మకం. మామ రెండు చేతులూ పట్టుకుని బతిమాలాడు. వాడు వినలేదు. పడవ వెనక్కి తిప్పాడు.

ఆ విధంగా నల్లవాయి ఒడ్డున మా అత్తను కాల్చారు. మా బాపు తల్లిగారి చీర చంకన పెట్టుకుని పరుగున వచ్చి, నిప్పు ముందు నిలబడి పిల్లాడిలా ఏడ్చాడు. రాజం ఇంటికొచ్చాక నన్ను కొట్టాడు. తర్వాత తనే ఏడ్చాడు. ఆ రెండింటినీ నేను పట్టించుకోలేదు. అత్త మాట నెగ్గింది, లెక్కలో పడింది అనుకున్నాను.

ఎండాకాలంలో పల్లెలు తిరిగే నర్సమ్మ ఒకామె వచ్చి, ఈ మధ్య ఊళ్ళో ఈ రోగంతో ఆడవాళ్ళెవరైనా పోయారా అని చావడి ముందు అడిగింది. ఈసారి నేను అక్కడే కాచుకుని ఉన్నాను. "మా అత్త ఐలవ్వ పోయింది. గీ ఊళ్ళెనే" అన్నాను.

దొర నా వైపు కూడా చూడలేదు. "నిజమే" అన్నాడు తాపీగా. "కని ఐలవ్వ ఎర్రగుంట పిల్ల. గా రోగం ఆడికెళ్ళి తెచ్చుకున్నది. గిది మా ఊరిది కాదు."

నర్సమ్మ సరేనని తల ఊపింది. చుట్టూ ఉన్న మగవాళ్ళూ ఊపారు, ముత్యం మామతో సహా. నల్లవాయిలో పుట్టిన ఆడపిల్లలందరినీ పెళ్ళి చేసి పంపేస్తారు. నల్లవాయిలో ఉన్న కోడళ్ళందరూ ఏదో ఒక ఊరి నుంచి వచ్చినవాళ్ళే. దొర చెప్పిన లెక్కే లెక్కయితే, ఆ ఊళ్ళో ఇంతవరకు ఆడది చావనే లేదు.