మైలురాయి మీద కూర్చున్న మనిషి

మందుల కంపెనీ ప్రతినిధిగా బందరులో కాపురం పెట్టిన రోజుల్లో నా భుజాన రెండు సంచులు ఉండేవి. ఒకదాంట్లో డాక్టర్లకు ఇవ్వాల్సిన శాంపిల్ మాత్రలు, రెండోదాంట్లో కెమెరా. మొదటి సంచి కూడు పెట్టేది, రెండోది ఇంట్లో తిట్లు తినిపించేది. వారంలో కొన్ని రోజులు గుడివాడ వైపు, కొన్ని రోజులు అవనిగడ్డ వైపు బస్సులో తిరిగేవాణ్ణి. డాక్టరుగారు పిలిచేదాకా బయట బల్ల మీద కూర్చోవడం నా ఉద్యోగంలో ముఖ్యభాగం. ఆ ఖాళీలో రోడ్డెక్కి, కనిపించినదల్లా ఫోటో తీసేవాణ్ణి. సైకిలు రిపేరు కొట్టు, చెట్టు కింద గడ్డం గీయించుకునే పెద్దమనిషి, ఉయ్యూరు పోయే చెరుకు లారీ వెనక పరుగెత్తి గడలు లాగే ఆడపిల్లలు, ఇలాంటివి. ఉన్నది ఉన్నట్టు తీయాలని నా పట్టుదల.

ఈ పట్టుదల బందరులో నా రీళ్ళు కడిగే స్టూడియో ఆయనకు బొత్తిగా అర్థమయ్యేది కాదు. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు తీసి తీసి, మనిషంటే కెమెరా వైపు చూస్తూ నిలబడి ఉండేవాడే అని ఆయనకు ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. నా ఫోటోల్ని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసేవాడు.

"ఇందులో ఎవరిని చూడాలండీ? అందరూ అటు తిరిగి ఉన్నారు. అనవసరంగా రీలు వేస్టయింది" అనేవాడు, చావు కబురు చెప్పినంత మెల్లగా.

నిజం చెప్పాలంటే ఉన్నది ఉన్నట్టు తీయడం మా వైపు అయ్యే పని కాదు. గుడివాడ బస్టాండు ఎదురుగా ఒకాయన రిక్షా సీటులో పడుకుని, కాళ్ళు హ్యాండిలు మీదికి బారజాపి హాయిగా నిద్రపోతున్నాడు. ఆహా అనుకుని కెమెరా తీశానో లేదో, పక్కనున్న కిళ్ళీ కొట్టాయన కేకేశాడు. "లెగు బావా, ఫోటో తీస్తన్నారు!" రిక్షా ఆయన ఉలిక్కిపడి లేచి, నన్ను కదలొద్దని ఒట్టు వేయించుకుని ఇంటికి పోయాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తలకు నూనె పట్టించి, పిల్లలిద్దర్నీ, తల్లినీ వెంటబెట్టుకుని వచ్చాడు. నలుగురూ రిక్షా ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. నొక్కక తప్పింది కాదు. నేను తీసినవాటిలో స్టూడియో ఆయన మెచ్చుకున్నది ఆ ఒక్క ఫోటోనే.

పులిగడ్డ వంతెన దాటి దివిసీమలోకి వస్తే వ్యవహారం ఇంకోలా ఉండేది. అక్కడ కెమెరా పట్టుకుని వచ్చేవాళ్ళు రెండే రకాలు. తుఫాను తర్వాత నష్టం రాసుకునేవాళ్ళు, రోడ్డు పక్క ఆక్రమణలు తీయించేవాళ్ళు. మొదటివాళ్ళు వస్తే అన్నీ చూపించాలి, రెండోవాళ్ళు వస్తే అన్నీ దాచాలి. వచ్చినవాడు ఏ రకమో వాడి బూట్లను బట్టి ఊహించుకోవాలి. నాగాయలంకలో ఒక ముసలాయన నన్ను మొదటి రకం కింద జమకట్టి, చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళాడు. కూలిన గొడ్లపాక చూపించి, దాని మధ్య గుంజ నిట్రాడు కూడా ఫోటోలో పడేలా తీయమన్నాడు. ఆ కూలిన పాక మీద అప్పటికే సొరపాదు అల్లుకుని కాయలు కాస్తోంది. నేను గవర్నమెంటు మనిషిని కాదండీ అని మొత్తుకున్నాను.

"కాకపోతే ఏమైంది బాబూ, తీసి ఉంచండి. ఎప్పటికన్నా పనికొస్తది" అన్నాడాయన.

కోడూరు రోడ్డులో మాత్రం నన్ను రెండో రకం మనిషి అనుకున్నారు. అక్కడ ఒక మలుపులో, కాలువ గట్టుకూ తారురోడ్డుకూ మధ్య మిగిలిన కాస్త జాగాలో ఒకావిడ బజ్జీలు వేసేది. చిన్నా పెద్దా అందరూ ఆవిడను అత్తా అనే పిలిచేవాళ్ళు. కోడిగుడ్డు బజ్జీ, ఉల్లి పకోడీ, ఎండు రొయ్యలు కలిపి వేసే వడ ఆవిడ ప్రత్యేకతలు. నేను ఆ వైపు డాక్టర్ల కోసం ఎన్నిసార్లు వెళ్ళానో, ఆ వడ కోసం ఎన్నిసార్లు వెళ్ళానో కంపెనీకి తెలియకపోవడం నా అదృష్టం. ఆ జాగా అత్తది కాదు, రోడ్ల డిపార్టుమెంటుది. అయితే బస్సు ఆగేది సరిగ్గా అక్కడే. మలుపు దాటి నాలుగడుగులు అవతలికి పోతే బజ్జీ అడిగే మనిషి దొరకడు. అత్త ఇంట్లో పొయ్యి వెలగడానికి ఆ జాగా తప్ప ఇంకో ఆధారం లేదు.

ఆ జాగాలో ఒక మైలురాయి ఉండేది. దాని గుండ్రటి తల మీద గోనెసంచి మడతపెట్టి వేసుకుని, ముందు పొయ్యి, పక్కన పిండి బక్కెట్టు పెట్టుకుని, అత్త ఆ రాయి మీదే కూర్చునేది. నేను ఆవిడకు ఇంకా కొత్త ముఖమైన రోజుల్లో, ఒక సాయంత్రం బస్సు దిగేసరికి ఎండ పక్కగా పడుతోంది. మూకుడులోంచి పొగ లేస్తోంది. చీర కుచ్చిళ్ళ పక్కనుంచి రాయి మీది నల్ల అక్షరాలు సగం కనిపిస్తున్నాయి. అత్త తల వంచుకుని జల్లిగరిటెతో బజ్జీలు తిప్పుతోంది. ఎప్పుడూ లేనిది ఒక మనిషిని ఆ మనిషికి తెలియకుండా తీయగలిగాను. ఆ సంబరంలో ఇంకోటి తీద్దామని ఒక కన్ను మూసి, వెనక్కి వెనక్కి అడుగులేశాను. టక్ చేసిన చొక్కా, నల్ల బూట్లు, అడుగులు కొలుచుకుంటూ నడక. ఇలాంటివాణ్ణి రోడ్డు పక్కన చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుందో నాకు అప్పుడు తట్టలేదు.

అత్త తలెత్తి చూసింది. ఆమె మొహంలో రంగు మారింది.

"రోడ్డు ఎడల్పు చేస్తన్నారాండీ?" అంది.

"అబ్బే, ఏం లేదమ్మా. ఊరికే తీసుకుంటున్నాను."

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. మా వైపు ఎవరూ ఏదీ ఊరికే చేయరని అందరికీ తెలుసు. ఆ సాయంత్రం అత్త నా పొట్లంలో అడగని బజ్జీలు రెండు ఎక్కువ వేసింది. ఆదరం అనుకుని తిన్నాను.

మళ్ళీ వెళ్ళేసరికి మైలురాయికి నిండా పసుపు, మధ్యలో రూపాయంత కుంకుమబొట్టు, చుట్టూ వేపమండలు. అత్త కొంచెం ఎడంగా తిరగేసిన నూనె డబ్బా మీద ఇబ్బందిగా కూర్చుని ఉంది. ఇదేమిటమ్మా అంటే, నా మొహం చూడకుండా "అమ్మోరండీ" అంది. పక్కన సైకిలు కొట్టాయన గొంతు తగ్గించి నాకు వివరం చెప్పాడు.

"గుడి ఉన్న చోటికి బుల్డోజరు రాదండీ. మొన్నెవరో ఆఫీసరు కొలతలేసి ఫోటోలు పట్టుకెళ్ళాడంట. బూట్లేసుకుని వచ్చాడంట."

నేను బూట్ల కాళ్ళు ఆయన కొట్టు బల్ల కిందికి ముడుచుకుని, కెమెరా సంచిని మాత్రల సంచి వెనక్కి తోశాను.

వాళ్ళ ఆలోచన తప్పని చెప్పలేం. ఆ బుల్డోజరు ఈరోజుకీ రాలేదు. ఎప్పుడో రోడ్డు డిపార్టుమెంటువాళ్ళు జీపులో వచ్చి, తమ రాయి అమ్మవారైపోయిందని గ్రహించి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు గజాల అవతల కొత్త రాయి పాతి వెళ్ళిపోయారు. మైలురాయి ఎత్తుగడ బాగానే పనిచేసింది. పనిచేసి అక్కడితో ఆగకపోవడమే చిక్కు.

రొయ్యల చెరువుల రోజులవి. వరి చేలు తవ్వి చెరువులు చేసినవాళ్ళందరూ ఒక్కసారిగా పెద్దవాళ్ళయ్యారు, తర్వాత రొయ్యలకు వైరస్ తగిలి చాలామంది అంతే తొందరగా చిన్నవాళ్ళయ్యారు. ఆ ఊరి ఆసామి ఒకాయన చెరువులు మాత్రం ఆ ఏడు చెక్కుచెదరలేదు. బస్సు కోసం నిలబడ్డప్పుడు ఈ రాయికి దణ్ణం పెట్టుకున్నానని ఆయనకు గుర్తొచ్చింది. ముందు రేకుల పందిరి వేయించాడు. తర్వాత గచ్చు, గంట, మైకు వచ్చాయి. మైకు వచ్చాక కమిటీ రాకుండా ఉండదు. ఆయనే ప్రెసిడెంటు. కమిటీ మొదటి సమావేశంలో ప్రహరీ గోడ కట్టాలని, అమ్మవారి మూరెడు దూరంలో గుడ్లూ రొయ్యలూ వేయించడం ఆపించాలని తీర్మానించారు. అత్తను మలుపు అవతలికి వెళ్ళమన్నారు.

బుల్డోజరు నుంచి జాగాను కాపాడుకోడానికి పెట్టుకున్న అమ్మవారే చివరికి జాగా ఖాళీ చేయమన్నట్టయింది. ఈ మాట నాకు సైకిలు కొట్టాయన చెప్పాడు. అత్త దగ్గరికి వెళ్ళాను.

"అది మైలురాయి అని వాళ్ళకు తెలుసు కదమ్మా?"

"అప్పుడు మైలురాయేనండీ" అంది అత్త.

"పసుపు రాసింది మీరే కదా?"

"నేనే రాశానండీ. నా చేత రాయించింది ఎవరు?"

అత్త పిండి కలుపుతూ, ఆ రోజు తీసిన ఫోటో ఉందా అని అడిగింది. ఇక్కడ ముందునుంచీ ఉన్నది తనేనని చూపించుకోవాలట. నేను తలూపి బస్సు కోసం తిరిగేసరికి ప్రెసిడెంటుగారు మోటారు సైకిలు ఆపారు. ఫోటో సంగతి అత్త నోట ఊరంతా పాకిందో ఏమో, ఆయనకు కూడా అదే కావాలి. "అమ్మ మొట్టమొదట మీ కెమెరాకే కనబడిందటగా! మీదెంత పుణ్యమండీ! పటం కట్టించి పెడదాం" అన్నారు. నా ఫోటో ఒకటి కావాలని ఎవరైనా అడగడం నా జన్మలో అదే మొదలు. అదీ ఇద్దరు, ఒకరికి వ్యతిరేకంగా ఒకరు.

స్టూడియో ఆయన చేత పెద్ద సైజులో వేయించి, శుక్రవారం పట్టుకెళ్ళాను. పందిట్లో కమిటీ అంతా కూర్చుని ఉంది. అత్త గచ్చు అవతల నిలబడి ఉంది. ప్రెసిడెంటుగారు చెప్పులు విడిచి, కవరు రెండు చేతులతో అందుకుని, కళ్ళకద్దుకుని తెరిచారు.

ఫోటో నిండా అత్తే. అమ్మవారు ఆమె కింద ఉంది, పైన గోనెసంచి పరిచి ఉంది.

అక్కడున్నవాళ్ళంతా ఆ రాయి మీద కూర్చున్న అత్త చేతి బజ్జీలు ఏళ్ళ తరబడి తిన్నవాళ్ళే. కానీ తెలిసి ఉండడం వేరు, పటంలో కనబడడం వేరు. "అపచారం, అపచారం" అని చెంపలు వేసుకున్నారు. ఇంకేముంది, ఈ రోజే సామాను తీసేయమని ఒకాయన లేచాడు. సాక్ష్యం తెచ్చి ఇద్దామని వెళ్ళి, ఉరితాడు తెచ్చి ఇచ్చాను.

అత్త గచ్చు ఎక్కి లోపలికి వచ్చింది. ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. మెల్లగానే మొదలుపెట్టింది.

"అపచారమేనండీ, కాదన్ను. ఇన్నేళ్ళూ అమ్మ మీదే కూర్చున్నా. నాకు తెలీదు. మరి అమ్మకి తెలుసుగా? ఒక్కనాడన్నా నన్ను తోసేసిందా? మరిగే నూనె ముందు కూర్చున్నా, చుక్క మీద పడలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుందండీ నన్ను. తల్లి ఒళ్ళో కూర్చున్న పిల్లని లెగమంటే తల్లి అనాలి. మధ్యలో మీరెవరండీ లెగమనడానికి?"

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ధైర్యం లేక కళ్ళు తుడుచుకున్నాను. మొక్కు చెల్లించడానికి వచ్చిన ఒక ముసలమ్మ "నిజమేనమ్మా" అంటూ వంగి అత్త కాళ్ళకే దణ్ణం పెట్టబోయింది. అత్త చప్పున వెనక్కి జరిగింది. ప్రెసిడెంటుగారు వ్యాపారం తెలిసిన మనిషి. అలాంటి మాటకు ఎదురు చెబితే చెరువులకు ఏమవుతుందో అని లెక్క వేసుకున్నట్టున్నారు. అత్త జాగా అత్తకే ఉంటుందని అక్కడికక్కడే తేల్చేశారు. కాకపోతే గుడ్డు, ఉల్లి, ఎండు రొయ్య మాత్రం పనికిరావన్నారు.

అలా నా ఫోటో ఒకటి గోడకెక్కింది. అత్తను తీసేసి రాయిని మాత్రం ఉంచమని కమిటీవాళ్ళు స్టూడియో ఆయన్ని అడిగారట. మనిషిని తీసేస్తే రాయికి తల ఉండదని ఆయన చెప్పాడట. అందుకని ఇద్దరూ కలిసే పటంలో ఉన్నారు. అత్త నుదుటికి, మూకుడుకు కూడా ఎవరో కుంకుమ అద్దారు. రీలు వేస్టన్న స్టూడియో ఆయనే జాతరలో దాని కాపీలు అమ్మించాడు.

చాలాకాలానికి, ఆ వైపు ఉద్యోగం మానేశాక, పని మీద కోడూరు పోతూ బస్సు దిగాను. ప్రహరీ గోడలోకి కలిసిన చిన్న కొట్టులో అత్త కొబ్బరికాయలు, కర్పూరం అమ్ముతోంది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టి, అరటిపండు చేతిలో పెట్టి, ఇంటిదగ్గర అందరూ బాగున్నారా అని అడిగింది. రొయ్య వడ గురించి నేనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. మాట్లాడుతూ తల వంచి కొబ్బరికాయ పీచు తీయడం మొదలుపెట్టింది. ఎండ అప్పటిలాగే పక్కగా పడుతోంది. నా చెయ్యి తెలియకుండానే సంచిలోకి వెళ్ళింది.

అత్త అది చూసి, రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుంది.

"వద్దండీ బాబూ, మీకు దణ్ణం పెడతా. కూర్చోడానికి నాకిదొక్కటే మిగిలింది."