బావ మల్టీమీటరు, నూకరత్నం తీగ

కంటికి కనిపించిన ప్రతి వస్తువుకీ మల్టీమీటరు పెట్టి, అది కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో చూస్తేగాని మా బావ గౌరీశంకర్‌కి తోచదు. చోడవరంలో మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఆయనది. మోటార్లు చాలక అన్నం ముద్దకీ మీటరు పుల్లలు గుచ్చుతాడని మా అక్క నెత్తీనోరూ కొట్టుకుంటుంది.

మొన్న మాడుగుల హల్వా తీసుకెళ్తే ముందు మీటరే రుచి చూసింది.

"సూడ్రా, ఇంత నెయ్యుంది కదా, కరెంటుని కదలనివ్వదు. అదే ఆవకాయనుకో, ఉప్పూ నీరూ, దారిచ్చేస్తాది!"

"ఇది తినడానికా బావా, వైరింగుకా?"

"నీ సెయ్యిలా ఇయ్యి."

పొడి చేతికి మీటరులో లక్షల్లో ఉన్న అంకె, నీళ్ల గ్లాసులో ముంచి తీయగానే వేలల్లోకి జారింది.

"సూసేవా? అదే మనిషివి. తడిస్తే నీ అడ్డంతా పోతాది," అన్నాడు. అప్పుడు మాత్రం నవ్వలేదు.

ఆయన దిగులు వెనకింటి నూకరత్నం గురించి. ఆవిడ తడిబట్టలు ఆరేసే ఇనపతీగ రేకుల షెడ్డుకి కట్టి ఉంది. ఆ రేకుకే స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు రాసుకుని తొడుగు అరిగిపోతోంది. వానలు మొదలయ్యాయి. తీగ విప్పేయమంటే ఆవిడ బావ మీదికి లేచింది.

"సచ్చిపోయిన మా ఆయన కట్టిన తీగది! సెయ్యేస్తే మర్యాద దక్కదు!"

మర్నాడు బావ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, లైన్‌మన్‌తో స్తంభం దగ్గరే కరెంటు ఆపించి, తీగకి మీటరు పెట్టి నోరు తెరిచాడు.

"ఓలమ్మో! పిన్నీ, ఇలాటి ఇనుము ఊళ్లో లేదు. రాగికీ ఇనుముకీ తేడా సూపించడానికి షాపులో ఎట్టుకుంటాను, బాబాయి పేరు రాసి."

"నిజవేటి బాబూ?" ఆవిడ మొహం వెలిగిపోయింది. "మరి నా బట్టలో?"

బావ సంచీలోంచి నైలాన్ తాడు తీశాడు. "దీనికి మీటరే కదల్దు, పనికిమాలిన సరుకు. నువ్వే వాడేసుకో."

ఆ ఊపులోనే వైరుకీ కొత్త తొడుగు వేసేశాడు.

"ఆ ఇనుములో అంత గొప్పేటుంది బావా?" అన్నాను దారిలో.

"ఏటీ లేదు. మామూలు ఇనుమే."

ఈ పిచ్చి మనిషి మీద నాకు ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

అన్నమాట ప్రకారం తీగని షాపు గోడకి వేలాడదీసి, కింద నూకరత్నం భర్త పేరు రాయించాడు. నూకరత్నం వచ్చినప్పుడల్లా మోటార్లు తెచ్చిన రైతులకి దాన్ని చూపిస్తుంది.

"మా ఆయనకి ఇనుమంటే తెలుసు," అంటుంది.

"తెలుసు పిన్నీ," అని బావ గంభీరంగా తలూపుతూ, నేను నవ్వకుండా బల్లకింద నా కాలు తొక్కుతాడు.