అలల కరెంటుతో వచ్చిన మంచినీళ్లు

అది 2019. తిత్లీ తుఫాను విరిచేసిన కొబ్బరిచెట్ల మొండేలు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంకా నిలబడే ఉన్నాయి. సముద్రపు అలల నుంచి కరెంటు తీసే ప్రయోగం కోసం మా కంపెనీ నన్ను పలాసకు తూర్పున ఉన్న ఒక మత్స్యకార గ్రామానికి పంపింది. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరుని.

తీరానికి కొంత దూరంలో ‘బాయ్’ని, అంటే నీటిమీద తేలే పెద్ద ఇనుప పీపాని నిలబెట్టాం. అలతోపాటు అది లేచి పడుతుంటే లోపలి జనరేటర్ తిరిగి కరెంటు పుడుతుంది. పీపా కొట్టుకుపోకుండా సముద్రం అడుగున లంగరుకు కట్టే గొలుసులను ‘మూరింగ్’ అంటాం. ఆ కరెంటుతో ఒడ్డున మంచినీళ్ల ఫిల్టర్ నడపాలి. కిడ్నీ జబ్బు లేని వీధి ఆ ఊళ్లో లేదు. నీళ్ల వల్లేనని వాళ్ల అనుమానం. అందుకే మా బాయ్ కన్నా ఆ ఫిల్టర్ కోసమే ఎక్కువగా ఎదురుచూశారు.

మమ్మల్ని బాయ్ దగ్గరికి తీసుకెళ్లే పడవ గురయ్యది. నలభై దాటని మనిషి. వారంలో రెండు రోజులు పలాసలో డయాలసిస్. మిగతా రోజుల్లో ముఖం ఉబ్బి ఉన్నా వచ్చి పడవ తోసేవాడు.

“ఇంట్లో పడుకోవచ్చు కదా అన్నా?” అన్నాను ఒకసారి.

“ఇంటికాడుంటే ఏటి సేత్తానమ్మా? నా ఇద్దరాడపిల్లలూ ఆ బోరు నీళ్లే తాగతన్నారు. బేగి పని కానీండి.”

ఫిల్టర్ నీళ్లు వచ్చిన సాయంత్రం ఊరంతా బిందెలతో దిగింది. మొదటి గ్లాసు గురయ్య చేతికే ఇచ్చాను. అతను కూతుళ్లిద్దరికీ తాగించి, అడుగున మిగిలిన చుక్కతో నాలుక తడుపుకున్నాడు.

“ఇంకో గ్లాసు పట్టనా అన్నా?”

భార్య నీలమ్మ అడ్డొచ్చింది. “డాకటరు కొలిసి తాగమన్నారమ్మా. ఈయాల్టి వంతు అయిపోనాది.”

గురయ్య సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

వానాకాలం చివర్లో సముద్రం రేగింది. మూరింగ్ గొలుసులు తెగి బాయ్ ఒడ్డుకు వచ్చి పడింది. ట్రయల్ అయిపోయింది, ఫిల్టర్‌తో సహా సామానంతా లారీకెక్కించమని కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది.

అప్పటికి గురయ్య మంచం దిగడం లేదు. విషయం నేనే వెళ్లి చెప్పాను.

“మల్లీ ఎప్పుడు పెడతారమ్మా?”

“ఇంక పెట్టరన్నా.”

“మరి పిల్లలకి నీళ్లో?”

ఫిల్టర్‌ని కదలనివ్వనని మాటిచ్చాను. పై అధికారులతో పోట్లాడి దాన్ని అక్కడే ఉంచి, ఊరి కరెంటు లైనుకు కలిపించాను. కలిపేనాటికి గురయ్య లేడు. స్విచ్ వేయమంటే నీలమ్మ ముందుకు రాలేదు.

“ఆయనుంటే ఏసీవోరమ్మా,” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్ద కూతురు వచ్చి వేసింది. కరెంటు పోయిన రోజుల్లో వాళ్లు మళ్లీ బోరు దగ్గరికే వెళతారు.

ప్రయోగం విఫలమవడం మా వృత్తిలో మామూలే. గొలుసు మార్చి మళ్లీ చూస్తాం. కానీ ఒక ఊరి బిందెలు నింపాక దాన్ని ప్రయోగమనడానికి లేదని అక్కడే తెలుసుకున్నాను. ఇప్పుడు ఏ ఊరికి పంపినా, మనం వచ్చేశాక దీన్ని ఎవరు నడుపుతారని కంపెనీని ముందే అడుగుతున్నాను. చాలాసార్లు జవాబు రాదు.