సాంచాల ఇంటి గొంతు

మా అక్క గొంతంటే నాకు ఇప్పటికీ కుళ్లే. అక్క అంటే సొంత అక్క కాదు, పెద్దబాపు బిడ్డ, అంటే పెదనాన్న కూతురు. ఇద్దరికీ నెలల తేడా. ఆమె మాట్లాడితే ఎదుటివాళ్లు ముందుకు వంగి మరీ వింటారు. నేను మాట్లాడితే కుర్చీ వెనక్కి జరుపుకుంటారు.

మాది వేములవాడ దగ్గర నేత కుటుంబం. పవర్‌లూమ్‌లను మావైపు సాంచాలంటారు. ముందరింట్లో అవి ఆడుతుంటే వెనకింట్లో అన్నం పెట్టమని అడగాలన్నా అరవాల్సిందే. లేదంటే పెదవుల కదలిక చూసి అర్థం చేసుకోవాలి. మా అవ్వ, అంటే అమ్మ, అందులో ఆరితేరింది. కరెంటు పోతే సాంచాలు టక్కున ఆగేవి, మా గొంతులు మాత్రం ఆగేవి కావు. "పప్పుల ఉప్పేసినవా?" అన్న మాట వాడకట్టంతా వినిపించేది. అందరూ నవ్వేవాళ్లు, మేమూ నవ్వేవాళ్లం.

పెద్దబాపు మస్కట్ పోయాక వాళ్లు తమ సాంచాలు అమ్మేసి ఇల్లు కట్టుకున్నారు. అక్క చదువుకోవడానికి తలుపున్న గది వచ్చింది. ఆ గదిలో గోడ గడియారం చప్పుడు వినిపించేది. నాకు ఆ గడియారం మీద కూడా కడుపుమంటే.

బీఎడ్ అయ్యాక ఇద్దరం కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచర్ ఉద్యోగానికి పోయాం. ఉన్నది ఒక్క పోస్టు. రాత పరీక్షలో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. అప్పటికే అవ్వకు చెవులు మందగించాయి. ఈ ఉద్యోగం వస్తే ఆమెతో సాంచాల పని మాన్పించాలని నా ఆశ. ఇక మిగిలింది పిల్లల ముందు పాఠం చెప్పి చూపించడమే.

భిన్నాలు చెప్పాను. బాగానే సాగింది. అంతలో కరెంటు పోయి కిటికీ కింద జనరేటర్ లేచింది. దానితోపాటు నా గొంతూ లేచింది. నాకు ఆ సంగతే తెలియదు. కాసేపటికి జనరేటర్ ఆగింది, నేను ఆగలేదు. "కింద ఉన్నదాన్ని ఏమంటరు?" అన్న నా ప్రశ్నకు పక్క క్లాసు టీచర్ తలుపు దగ్గరికొచ్చి చూసింది. పిల్లలు నవ్వారు. మా వాడకట్టు నవ్వు లాంటిది కాదది.

"మీకు సబ్జెక్టు ఉన్నదమ్మా," అన్నాడు ఆ బడి కరస్పాండెంట్. "గని జర నెమ్మదిగ చెప్పేటోళ్లు కావాలె. మా దగ్గర రికమండేషన్లు నడవయ్. మెరిటే చూస్తం."

ఉద్యోగం అక్కకు వచ్చింది. రికమండేషన్‌తో వచ్చి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. మెరిట్ అనేసరికి తిట్టుకోవడానికి నేనొక్కదాన్నే మిగిలాను. పెద్దబాపు ఎడారి ఎండలో కష్టపడితే వచ్చిన నిశ్శబ్దం అక్క గొంతులో మెరిట్ అయింది. అవ్వ చెవులు తిన్న చప్పుడు నా గొంతులో తప్పయింది. ఈ మాట ఎవరితో అన్నా ఓర్వలేక అంటున్నాననే అనుకుంటారు. నిజమే, ఓర్వలేకే అంటున్నాను.

ఉద్యోగం వచ్చినందుకు అక్క రాజన్న గుడిలో కోడెను కట్టే మొక్కు తీర్చుకుంటూ మమ్మల్నీ పిలిచింది. "మస్తు కష్టపడ్డనే చెల్లె," అంది. పడింది, నేను కళ్లారా చూశాను. అందుకే ఇంకా మండింది.

అవ్వ సాంచాలు నడుపుతూనే ఉంది. చెవులు పూర్తిగా పోయాకే వదిలింది. ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. నేను ఇంట్లో ట్యూషన్లు చెప్తాను. నా పాఠం చౌరస్తా దాకా వినబడుతుందని వీధిలో వాళ్లు ఆటపట్టిస్తారు.

నా బిడ్డను మాత్రం అట్లా పెరగనివ్వలేదు. గొంతు లేచిన ప్రతిసారీ "ఒర్లకు, మెల్లగ" అని ఆపాను. ఇప్పుడు దానిది అచ్చం మా అక్క గొంతే. మొన్న బడి వార్షికోత్సవంలో స్టేజి మీద మాట్లాడటానికి క్లాసంతటిలో దాన్నే ఎంపిక చేశారు. సంతోషం వేసింది. వెనకే, సిగ్గులేకుండా, కుళ్లూ వచ్చింది.

బిడ్డ ఆ సంగతి అమ్మమ్మకు చెప్పడానికి పక్కన కూర్చుంది. అవ్వ దాని పెదవులకేసి చూసింది. అవి కదిలీ కదలనట్టు కదిలాయి.

"ఏమంటున్నదే ఇది? నాకు సమజైతలేదు."

బిడ్డ నావైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. నాకు గట్టిగ మాట్లాడరాదు."

నేను అరిచాను. "బడిల తీసుకున్నరటనే అవ్వా. మాట్లాడుడు మంచిగున్నదని తీసుకున్నరట."

అవ్వ నా నోటికేసి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చేయి తెచ్చి నా తల మీద పెట్టింది.

"ఆఖరికి తీసుకున్నరా బిడ్డా నిన్ను."

"నన్ను అమ్మమ్మా," అంది నా బిడ్డ, మెల్లగా.

అవ్వకు వినపడలేదు. నేను మళ్లీ అరిచి చెప్పలేదు.