పెద్దమ్మకూ నాకూ ఒకే రోజు

నా చిన్నప్పుడు, పినపాక దగ్గర అడవి అంచున ఉన్న మా పల్లె బడిలో, ప్రార్థన అయ్యాక సారు పేపరు విప్పి ఆ రోజు విశేషాలు చదివేవారు. ఇదే తేదీన ఒక దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, ఒక మహానుభావుడు పుట్టాడు, ఎక్కడో యుద్ధం ముగిసింది అంటూ. వింటూ వింటూ నేను ఎక్కడికో తేలిపోయేదాన్ని. నేను పుట్టిన రోజున ఏం జరిగిందో తెలుసుకోవాలని మహా ఆశగా ఉండేది.

ఆ తేదీ రానే వచ్చింది. తెల్లవారకముందే తలంటు పోస్తున్న అమ్మను అడిగాను. అమ్మ చేతులు ఆగిపోయాయి. నేను పుట్టిన రోజే పక్కింటి పెద్దమ్మ భర్త గోదావరిలో పడవ మునిగి చనిపోయాడట. అందుకే ఏటా ఆ రోజు మా ఇంట్లో తీపి వండేవారు కాదు, గట్టిగా నవ్వేవారు కూడా కాదు.

కొత్త గౌను తొడుక్కోబుద్ధి కాలేదు. పుట్టి ఏదో తప్పు చేసినట్టు పెరట్లో దడి పక్కన కూర్చున్నాను. ఇప్పపూలు ఏరడానికి బుట్ట పట్టుకుని బయల్దేరిన పెద్దమ్మ నన్ను చూసి, "గట్ల కూసున్నవేందే? నాతోటి రా," అంది.

అడవిలో ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. ఇప్పచెట్ల కింద నేలంతా లేత పసుపు. పూలు ఒక్కొక్కటే మెత్తగా రాలుతున్నాయి, నా జుట్టులోనూ, ఆమె భుజాల మీదా. ఆ తియ్యని వాసనకు కళ్లు మూతలు పడుతున్నాయి. నిద్రలో నడుస్తున్నట్టే ఉంది. ఆ మత్తులోనే ధైర్యం వచ్చిందేమో, "పెద్దమ్మా, నా మీద కోపమా?" అని అడిగేశాను.

ఆమె బుట్ట కింద పెట్టి నన్ను దగ్గరికి లాక్కుంది.

"కోపమెందుకు బిడ్డా? గా దినం నేను రాయిలెక్క కూసున్న. చుట్టు మంది ఉన్నరు, ఒక్క మాట ఇనబడలే. కంట్ల నీళ్లు రాలే. అప్పుడు గోడ అవతల నువ్వు ఏడ్సినవ్. నీ ఏడుపు ఇన్నంకనే నాకు ఏడుపొచ్చింది. లేకుంటే నేను గూడ పోయేదాన్నే."

వాళ్లింటికి వచ్చాక ఆమె ఆ పూలను బెల్లంతో ఉడికించింది. రెండు ఆకులు పరిచి, ఒకటి దీపం ముందు ఆయనకు పెట్టింది, రెండోది నా ముందుకు జరిపింది. గడపలో నిలబడి చూస్తున్న అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నువ్వు గూడ రా," అని అమ్మను లోపలికి పిలిచి, పెద్దమ్మ ఇంకో ఆకు పరిచింది. ఆ ఏడాది నుంచి ఆ రోజున మా రెండిళ్లకూ ఒకటే పొయ్యి.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. నేను ఖమ్మంలో పిల్లల దగ్గర ఉంటున్నాను. ఎవరి పుట్టినరోజుకు పిలిచినా వెళ్తాను. ఆ సందడిలో ఒక మూల మౌనంగా ఉన్నవాళ్లు ఎవరా అని నా కళ్లు వెతుకుతాయి. కనబడితే, ముందు వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంటాను.