పేరు రాయించిన ప్రశ్నపత్రం

కరోనా తగ్గి కాలేజీలు మళ్లీ గాడిన పడిన జూన్‌లో నన్ను ఒంగోలు నుంచి చిలకలూరిపేట వైపు ఒక డిగ్రీ కాలేజీకి సైకాలజీ లెక్చరర్‌గా బదిలీ చేశారు. పదవీ విరమణకు అప్పటికి మూడేళ్లుంది. డిపార్ట్‌మెంట్ ఇన్‌చార్జ్ అని ఆర్డర్‌లో రాశారు గాని, ఆ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నది నేనొక్కదాన్నే. మెట్ల కింద ఒక గది, రెండు బీరువాలు, ఒక బల్ల. ఊళ్లో అద్దెకు తీసుకున్న ఇంటికీ నేనొక్కదాన్నే. సాయంత్రం తాళం తీశాక మళ్లీ మర్నాడు క్లాసులో నోరు విప్పేదాకా మాట్లాడే అవసరం ఉండేది కాదు.

ఆఖరి ఏడాది విద్యార్థులు ఒక ప్రాజెక్టు చేసి, బయటి కాలేజీ నుంచి వచ్చే ఎగ్జామినర్ ఎదుట దాన్ని సమర్థించుకోవాలి. ఆ ఏడు నా క్లాసులో రహీమా అనే అమ్మాయి ఉండేది. వాళ్ల నాన్నకు హైవే పక్కన టైర్ల పంక్చర్ షాపు. జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరే ఆడవాళ్ల వ్యక్తిత్వ లక్షణాలను కొలుస్తానని తనే అడిగింది. నాకు సంతోషం కలిగింది. మిగతావాళ్లందరూ తోటి విద్యార్థుల చేతనే ఫారాలు నింపించుకుని పని కానిచ్చేవారు.

మూడు నెలలపాటు రోజూ మధ్యాహ్నం ఆ అమ్మాయి నా గదికి వచ్చేది. ఇద్దరం ప్రశ్నావళి తయారుచేశాం. పుస్తకంలో ఉన్న ప్రశ్నలు పట్నంవాళ్ల కోసం రాసినవి. "పార్టీలలో ఉల్లాసంగా ఉంటాను" అన్నదాన్ని ఆమె "పెళ్లికి వెళితే తెలియనివాళ్లను నేనే ముందు పలకరిస్తాను" అని మార్చింది. ప్రతి ప్రశ్నకూ అవును, కాదు, చెప్పలేను అని మూడు జవాబులు. మాటలు ఎలా ఉన్నాయో చూడటానికి ముందు నామీద ప్రయోగించమన్నాను. "నలుగురిలో ఉన్నా ఒంటరిగా అనిపిస్తుంది" అని ఆమె చదివినప్పుడు చెప్పలేను అన్నాను. ఆమె టిక్కు పెట్టుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లింది.

ఒక కొలతను నమ్మాలంటే అదే మనిషిని కొన్నాళ్ల తర్వాత మళ్లీ అడిగినా దాదాపు అవే జవాబులు రావాలి. దీన్ని విశ్వసనీయత అంటాం. మేము మూడు వారాల ఎడం పెట్టుకున్నాం. రెండుసార్లు నింపిన కాగితాలను జతచేయాలి కాబట్టి పైన పేరు రాయమన్నాను.

"పేరెందుకు మేడమ్? నంబర్ వేస్తే సరిపోదా?" అంది రహీమా.

నంబర్లు కలగాపులగమైతే మొత్తం పోతుందని, అనుభవం మీద చెబుతున్నానని అన్నాను. మిల్లు యాజమాన్యానికి అనుమతి కోరుతూ ఉత్తరం కూడా నేనే రాశాను. ఒంగోలులో వాడిన పాత నమూనాను దింపేశాను. అందులో ఆఖరి వాక్యం, "అధ్యయన ఫలితాలను తమకు తెలియజేయగలము."

జనవరిలో, పత్తి ముమ్మరంగా వచ్చే రోజుల్లో, అనుమతి దొరికింది. అసలు సర్వేకు ముందు కొద్దిమందితో చేసే పైలట్ అది. మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డు బయట కూర్చుని రహీమా ఒక్కొక్కరికీ ప్రశ్నలు చదివి వినిపించింది. మొదటిరోజు నేనూ వెళ్లాను. మరియమ్మ అనే ఆమె ముందు కూర్చుంది. యాభై దాటిన మనిషి. తలకు కట్టుకున్న గుడ్డ నిండా పత్తి నూగు. ఆమెది అవును, కాదులతో ఆగే నోరు కాదు.

"ఒంటరిగానా? ఇంటికాడ ఎవరూ లేరమ్మా. ఇక్కడ ఇంతమంది ఉన్నా ఆ మిషన్ మోతకి పక్కనున్నదాని మాటే వినపడదు. మరేం రాసుకుంటావో రాసుకో" అంది.

నచ్చనిది ఎదురుగా చెప్పేస్తారా అంటే అవునంది. కోపం వస్తే దాచుకోలేరా అంటే, "దాచుకుంటే ఎక్కడ పెట్టుకోను?" అని నవ్వింది. అదీ అవునే. లేచి వెళుతూ, "మళ్లీ మూడు వారాలకి వస్తారా? నిజంగానా?" అని రెండుసార్లు అడిగింది.

నాలుగో రోజు నేను ఇంటర్నల్ పరీక్షల హాల్లో ఉండగా రహీమా ఫోన్ చేసింది. మిల్లు సూపర్‌వైజర్ కాగితాలు చూపించమంటున్నాడట.

"ఇవ్వనన్నాను మేడమ్. లెటర్లో మీ మేడమే రాశారు గదా అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?"

పరీక్ష హాల్లో ఫోన్ మాట్లాడకూడదు. పిల్లలు నావైపు చూస్తున్నారు. "చూడనివ్వమ్మా, ఏముంది అందులో" అని పెట్టేశాను. అంతే నేనన్న మాట.

మరుసటి సోమవారం మరియమ్మను పనిలోకి రానివ్వలేదు. మూతికి కట్టుకునే గుడ్డలు ఇప్పించమని, తాగే నీళ్లు షెడ్డులోకి తెప్పించమని ఆమె అంతకుముందే రెండుసార్లు అడిగిందని తర్వాత తెలిసింది. రహీమా నా గదికి వచ్చి నిలబడే చెప్పింది. రోజూ కూర్చునే కుర్చీలో ఆవేళ కూర్చోలేదు.

నేను మిల్లుకు వెళ్లాను. సూపర్‌వైజర్ మర్యాదగానే కుర్చీ వేశాడు.

"నేననేదేముందండీ? మీ పేపర్ మీదే ఉంది గదా, కోపం ఆపుకోలేని మనిషని. అట్టాంటోళ్లని మిషన్ల దగ్గర ఎట్టా పెట్టుకుంటాం చెప్పండి?"

అది పైలట్ అని, ఆ ప్రశ్నలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో మాకే ఇంకా తెలియదని, రెండు జవాబులతో ఒక మనిషి స్వభావాన్ని తేల్చకూడదని వివరించాను. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. ఆయన తలూపుతూ విన్నాడు. యజమానికి రాతపూర్వకంగా విన్నవించుకున్నాను. జవాబు రాలేదు. సూపర్‌వైజర్ తన దగ్గరే ఉంచుకున్న కాగితాలు మాత్రం తిరిగి ఇచ్చారు.

మరియమ్మ ఇల్లు చర్చి వెనక వీధిలో. నేను వెళ్లేసరికి మిరపకాయల తొడిమలు తీసే పని నుంచి అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటోంది. ఘాటుకు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. తప్పు నాదని చెప్పాను. పేరు రాయించింది నేను, చూపించమన్నది నేను.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత, "ఇక్కడ నోరున్నదాన్ని ఎవరూ ఉంచుకోరులే అమ్మా. ఇయాళ కాకపోతే రేపు తీసేసేవోళ్లే" అంది. "ఆ పిల్లనేమీ అనబాకండి. ఏడ్చుకుంటా వచ్చింది." మళ్లీ తనే అడిగింది. "అయితే ఇంక రారా? మూడు వారాలన్నారు గదా, లెక్కపెట్టుకుంటా ఉన్నా."

రామని చెప్పాను.

కాలేజీకి వచ్చి జరిగినదంతా ప్రిన్సిపాల్‌కు రాసిచ్చాను. ఆయన చదివి ఫైల్లో పెట్టారు. కాగితాలన్నీ రహీమా ఎదుటే చించేశాను. ఫలితాలు లేని ప్రాజెక్టును ఎగ్జామినర్ ఒప్పుకోకపోవచ్చని, వేరే అంశం తీసుకోమని సూచించాను. ఆమె ఒప్పుకోలేదు.

"ఇదే రాస్తాను మేడమ్. ఎట్లా ప్లాన్ చేశామో, ఎక్కడ తప్పు జరిగిందో రాస్తాను. ఆమె పేరు, మిల్లు పేరు మాత్రం రాయను."

"నా పేరు రాయి" అన్నాను. రాసింది. ఎగ్జామినర్ నన్ను బయటకు పిలిచి, ఇలాంటివి రికార్డులో పెట్టుకుంటారా మేడమ్ అన్నారు. ఉన్నది ఉన్నట్టు ఉందని చెప్పాను. పాస్ మార్కులు వేశారు. ఆమె తెలివికి అవి చాలా తక్కువ.

ఆ తర్వాత రహీమా క్లాసుకు వచ్చేది గాని నా గదికి రాలేదు. కోపంగా ఉన్నట్టు కనిపించలేదు. ఎదురైతే నమస్కారం పెట్టేది. మధ్యాహ్నాలు నేను బల్ల ముందు కూర్చుని బయట చెప్పుల చప్పుడు వింటూ ఉండేదాన్ని. ఆమె ఎమ్మేలో చేరిందన్న సంగతి కూడా ఆఫీసులో సర్టిఫికెట్లు తీసుకున్నవాళ్ల రిజిస్టర్ చూసి తెలుసుకున్నాను.

మిగిలిన రెండేళ్లలో నా పద్ధతి కొంత మార్చుకున్నాను. ప్రతి ప్రాజెక్టు ప్రణాళికనూ అనుమతించే ముందు నరసరావుపేట బస్సెక్కి అక్కడి కాలేజీలో ఇదే సబ్జెక్టు చెప్పే ఆవిడ చేత చదివించేదాన్ని. ఒక్క మనిషే ఉన్న డిపార్ట్‌మెంట్‌లో అధికారం ఎక్కువ, తప్పు పట్టేవారు తక్కువ. తప్పు పట్టినవాళ్లు విద్యార్థులైతే అది మనకు అమాయకత్వంలా వినిపిస్తుంది. యాజమాన్యాలకు రాసే ఉత్తరాల్లో ఫలితాలు ఇస్తామన్న వాక్యం తీసేశాను. పేరు స్థానంలో నంబరు వచ్చింది. నంబర్లు ఎప్పుడూ కలగాపులగం కాలేదు.

ఇప్పుడు ఈ శాస్త్రం చదివే పిల్లలు ప్రశ్నావళి ఎలా రాయాలని అడిగితే, జవాబులు ఎక్కడ దాచాలో తేల్చుకున్నాకే ప్రశ్నలు రాయడం మొదలుపెట్టమని చెబుతాను. నిజం చెప్పిన మనిషికి ఆ నిజం వల్ల నష్టం రాదని మాట ఇవ్వలేనప్పుడు, అడిగే హక్కు మనకు లేదు.